చెయ్యి ఎత్తి వదిలితే

జూన్ 3

నాన్నగారికి,

అమ్మ నిన్న మధ్యాహ్నం చేరింది. బస్సు రెండు గంటలు ఆలస్యం. సంచి ఎడమ భుజానికి తగిలించుకుని, కుడి చేతిని ఎవరిదో వస్తువు మోసుకొచ్చినట్టు గుండెకి ఆనించుకుని దిగింది. మోచేతి దాకా పిండికట్టు. నేను అడగకముందే బాత్‌రూములో జారిపడ్డానని చెప్పింది. మీరు ఫోనులో చెప్పిందీ అదే. ఇద్దరూ అక్షరం పొల్లుపోకుండా ఒకే మాట చెప్పారు.

మీ మనవరాలికి ఐదు నెలలు నిండాయి. మేం బుడంకాయ అంటున్నాం. పిట్ట కొంచెం కూత ఘనం. పగలు ఇరవై నిమిషాలు కళ్లు మూస్తే గంటన్నర గుక్కపెడుతుంది. భుజం మీద ఉన్నంతసేపూ నిద్ర, ఉయ్యాలలో వెయ్యగానే మెలకువ. మీ అల్లుడు నిద్ర కళ్లతో డిపోకి వెళ్లి, ఒక బస్సు చక్రానికి నట్లు బిగించడం మరిచిపోయి ఫోర్‌మన్ చేత చీవాట్లు తిన్నారు. బస్సు గేటు దాటకముందే చూశారు కాబట్టి సరిపోయింది. నేను ఆగస్టు ఒకటిన కళ్లద్దాల షాపులో మళ్లీ చేరాలి. తూగుతూ అద్దం అరగదీస్తే నా వేలైనా తెగుతుంది, ఎవరి కళ్లైనా చెడతాయి.

పాప నిద్ర దారిలో పడగానే అమ్మని పంపెయ్యమన్నారు కదా. అందుకే అడుగుతున్నాను. హెడ్డుగారి పిల్లలు ఎనిమిది కొట్టగానే దీపం ఆర్పినట్టు నిద్రపోతారని జైలు క్వార్టర్సంతా చెప్పుకునేవాళ్లు. ఎలా చేశారో రాయండి. నేనూ అలాగే చేస్తాను.

మీ అమ్మాయి

జూన్ 8

అమ్మాయికి ఆశీస్సులు.

నీ ఉత్తరం చూసి సంతోషించాను. ఇన్నాళ్లకి మా ఇంట్లో ఒకరు నన్ను ఏదైనా అడిగారు. ఫోను ఎందుకు చెయ్యలేదా అనుకోకు. నోటిమాట గాలిమాట, రాసింది రికార్డు. ముప్పై ఒక్క ఏళ్ల ఉద్యోగంలో నేను నేర్చుకున్నది అదే. నువ్వు కూడా వారం వారం పాప ఎప్పుడు పడుకుంది, ఎప్పుడు లేచింది, కాగితం మీద పెట్టి పంపు.

మొక్కై వంగనిది మానై వంగుతుందా? ఐదు నెలలంటే ఆలస్యమే. నాలుగు వందల మందిని ఒకే వేళకి పడుకోబెట్టినవాణ్ణి, ఒక్క పసిదాన్ని పడుకోబెట్టలేమా. వేళ మారకూడదు. చోటు మారకూడదు. ఏడుస్తుందని ఎత్తుకున్నావో, ఏడిస్తే ఎత్తుకుంటారని అది నేర్చుకుంటుంది. మీ అమ్మని దూరంగా ఉంచు. ఆవిడ చేతులకి ఊపడం తప్ప ఇంకోటి రాదు.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇప్పుడు చెబుతున్నాను. ఉయ్యాలలో వేసే ముందు పాప చెయ్యి ఎత్తి వదులు. తడిగుడ్డలా పడితే నిజం నిద్ర, ధైర్యంగా వెయ్యి. గాల్లో రెప్పపాటు ఆగినా దొంగ నిద్రే. ఆరో బ్యారక్‌లో గొళ్లెంగాడని ఒకడుండేవాడు, ఏ తాళమైనా వాడికి గొళ్లెంతో సమానం. నేను రాత్రి ఖైదీల లెక్కకి వెళ్లేసరికి గుర్రు పెట్టేవాడు. ఒకరోజు చెయ్యి ఎత్తి వదిలాను. ఆగింది. తాళాల గుత్తితో ఆ వేళ్ల మీదే నాలుగు వేశాను. రెండు వేళ్లు మళ్లీ చాపుకోలేకపోయాడట. ఆ వారమంతా బ్యారక్ మొత్తం పసిపిల్లల్లా నిద్రపోయింది.

మీ ఇద్దరికీ రోజూ అలాగే చూసేవాణ్ణి. నీ చెయ్యి ఒక్కనాడు కూడా ఆగలేదు. దూదిలా పడేది. నీ తమ్ముడిదే కుక్కతోక. ఎన్ని దెబ్బలు తిన్నా వాడి చెయ్యి గాల్లో ఆగేది, అందుకే వాడి బతుకు సముద్రం పాలైంది. ఏ ఓడలో ఉన్నాడో వాడికే తెలియాలి.

ఇక్కడ నేను జైలు క్యాంటీన్‌లో తింటున్నాను. మీ అమ్మ జూలై పదిహేను కల్లా ఇంట్లో ఉండాలి.

మీ నాన్న,
హెడ్ వార్డర్ (రిటైర్డ్)

జూన్ 17

నాన్నగారికి,

అడిగినట్టే రిపోర్టు. ఉదయం నిద్ర తొమ్మిది నుంచి తొమ్మిదీ నలభై. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి ఒకటిన్నర. సాయంత్రం ఏడింటికి పడుకుని రెండుసార్లు లేస్తోంది. పోయిన వారంతో పోలిస్తే మేలు.

ఏడవనివ్వమన్నారు గానీ నావల్ల కాలేదు. ఏం చేస్తున్నామో చెబుతాను. లేచిన రెండు గంటలకి బుడంకాయ చెవి పట్టుకుని లాక్కుంటుంది, అదే దాని గంట. అమ్మే కనిపెట్టింది. అప్పుడు గోరువెచ్చటి నీళ్లతో మొహం తుడిచి, పొడిబట్ట మార్చి, పాలు పట్టి, కిటికీకి నీలం దుప్పటి కడతాం. అమ్మ ఒకే పాట రెండుసార్లు పాడుతుంది. కళ్లు మూతపడుతూ ఉండగానే, పూర్తిగా నిద్రపోకముందే వెల్లకిలా ఉయ్యాలలో వేస్తాం. ఏడిస్తే ఎత్తుకోకుండా పొట్టమీద చెయ్యి ఆనించి ఉంచుతాం. రోజూ ఇదే వరస, ఏదీ ముందూ వెనకా కాదు. వేళ మారకూడదన్న మీ మాట మాత్రం పనికొచ్చింది.

అమ్మ పాడుతుందని నాకు ముప్పై ఏళ్లకి తెలిసింది. ఎవరి దగ్గర నేర్చుకున్నావంటే నవ్వింది.

చెయ్యి పరీక్ష మొన్న చేశాను. పాప చెయ్యి ఎత్తి వదలగానే అమ్మ చేతిలో పాలసీసా జారి కిందపడింది. గాజు ముక్కలన్నీ ఒక్కొక్కటే ఏరింది. ఆ తర్వాత వంటింట్లోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకుంది. మళ్లీ ఆ పరీక్ష చెయ్యలేదు.

పాప పడుకున్నప్పుడు నువ్వూ ఒక కునుకు తియ్యమ్మా అంటే వినదు. వీధి తలుపు కనిపించేలా కుర్చీ వేసుకుని కూర్చుంటుంది. ఎవరైనా మెట్లెక్కితే లేచి నిలబడుతుంది. చిన్నప్పుడు కూడా అమ్మ పడుకోగా నేను చూడలేదు, ఆలోచిస్తే ఇప్పుడే తట్టింది.

కట్టు మార్పించడానికి తీసుకెళ్లాను. ఎముక జారిపడితే విరిగినట్టు లేదు, మెలితిప్పితే విరిగినట్టు ఉందని డాక్టరమ్మ అంది. పాత విరుపు ఒకటి దానంతటదే వంకరగా అతుక్కుని ఉందట. అమ్మ నేల చూస్తూ కూర్చుంది. ఇంకో ఐదు వారాలు కట్టు ఉంచాలి. పదిహేనో తేదీ కాస్త వెనక్కి జరపండి.

మీ అమ్మాయి

జూన్ 22

అమ్మాయికి,

నేను పాప నిద్ర గురించి రిపోర్టు అడిగాను, మీ అమ్మ ఎముకల గురించి కాదు. ఆవిడ నీ దగ్గర చేరి ఏమేం ఊదుతోందో నాకు తెలియదనుకోకు. ఇంటి గుట్టు డాక్టర్ల ముందు విప్పడానికా పంపించింది?

సరే, అడిగావు కాబట్టి రికార్డు మీద పెడతాను. దాచుకోవాల్సిన పని నేనేం చెయ్యలేదు. ఆ రోజు నేను డ్యూటీ స్నేహితులతో కూర్చుని ఉండగా మంచినీళ్లు అడిగితే రెండు పిలుపులకి రాలేదు. వంటింట్లోకి వెళ్లి మణికట్టు పట్టుకున్నాను. నేను పట్టుకున్నాను అంతే. ఆవిడ విడిపించుకోబోయింది, విరిగింది. కదలకుండా నిలబడి ఉంటే ఏమీ అయ్యేది కాదు. పాత విరుపు అంటావా, అది నీ తమ్ముడికి అడ్డం వచ్చిన రోజుది. రూళ్ల కర్ర వాడి కోసం ఎత్తాను, మధ్యలో తన చెయ్యి ఎందుకు పెట్టాలి?

ముప్పై ఏళ్లు నా ఇంట్లో పాట వినపడలేదు. పిల్ల నిద్రకి పాటలెందుకు? రేపు పాట లేకపోతే నిద్రపోదు, అప్పుడు మీ అమ్మని నీ కొంగుకి కట్టుకుంటావా? మానిపించు.

తేదీ జరగదు. వెనక్కీ ముందుకీ జరపడానికి అది కుర్చీ కాదు.

నాన్న

జూలై 1

నాన్నగారికి,

మీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. అమ్మ నాతో ఒక్క మాట ఊదలేదు. నేను ఎన్నిసార్లు అడిగినా బాత్‌రూమే చెప్పింది. చెప్పింది మీరే, సంతకం పెట్టి మరీ.

ఈ వారం రిపోర్టు బాగాలేదు. బుడంకాయకి పన్ను వస్తున్నట్టుంది. ఉదయం నిద్ర పదిహేను నిమిషాలు. మధ్యాహ్నం అసలు లేదు. సాయంత్రం పడుకోబెట్టేసరికి తొమ్మిది దాటుతోంది. మళ్లీ మొదటికొచ్చింది. కింది వాటాలో ఉండే కుట్టుమిషను ఆవిడ ముగ్గుర్ని పెంచింది, పన్ను వచ్చేటప్పుడు నెల పైనే పడుతుందని చెప్పింది. అమ్మ లేకుండా నేను ఒక్కదాన్నే నెట్టుకు రాలేను. ఆగస్టు నెలాఖరు దాకా ఉండనివ్వండి.

పెద్దవారు, మిమ్మల్ని ఇలా బతిమాలుకోవడం నాకేం సరదా కాదు.

మీ అమ్మాయి

జూలై 7

అమ్మాయికి,

దొంగ నిద్ర ముప్పై ఏళ్లు చూశాను గానీ దొంగ మెలకువ ఇదే చూడటం.

నీ రిపోర్టు అందిన సాయంత్రమే మీ ఆయనకి ఫోను చేశాను, బస్సు టికెట్టు సంగతి అడుగుదామని. పాపం అమాయకుడు. మీ చలవ వల్ల బుడంకాయ బంగారంలా నిద్రపోతోంది మామయ్యగారూ అన్నాడు. పన్నెండున్నర నుంచి రెండున్నర దాకా ఊరు తగలబడ్డా లేవదట. సాయంత్రం ఏడింటికి పడుకుంటే తెల్లవారే లేవడమట. పన్ను ఏదయ్యా అంటే, పన్నా, ఇంకా రాలేదే అన్నాడు. అల్లుణ్ణి తిట్టకు. ఆ ఇంట్లో నిజం చెప్పేవాడు అతనొక్కడే.

కన్నకూతురు నాకు దొంగ లెక్క పంపింది. నా బ్యారక్‌లో దొంగ లెక్క రాసిన వార్డర్ని ఏం చేశానో మీ అమ్మని అడుగు, ఆ రోజు ఆవిడే నా చొక్కా ఉతికింది.

ఇదంతా నీ బుర్రలో పుట్టింది కాదు. నిన్ను అనను. పద్నాలుగున నేనే వస్తున్నాను. తనంతట తను నడిచి బస్సెక్కితే మంచిది. లేదంటే ఈడ్చుకెళ్లడం నాకు కొత్త కాదు, పడటం ఆవిడకి కొత్త కాదు.

నాన్న

జూలై 10

రావద్దు. అమ్మ రాదు. ఇది మిమ్మల్ని అడగడం కాదు, మీకు చెప్పడం. గడప తొక్కితే పోలీసుల్ని పిలుస్తాను.

జూలై 16

అమ్మాయికి,

నీ మూడు ముక్కల కార్డు చూసే బయల్దేరాను. అది రాయకుండా ఉంటే ఇంత జరిగేది కాదు.

జరిగిందేదో జరిగిపోయింది. నువ్వు ఇంటికొచ్చాక ఏం చూశావో నాకు తెలుసు. అంతకుముందు ఏమైందో నేను చెబుతాను, విను. నేను చెప్పినదానికి ఒకరోజు ముందే, కావాలనే ఒంటిగంటకి వచ్చాను, పాప నిద్ర వేళ, గొడవ లేకుండా మాట్లాడొచ్చని. నువ్వు అప్పుడే మెట్లు దిగి వీధి మలుపు తిరగడం చూశాను. తలుపు గొళ్లెం పెట్టి లేదు. కిటికీకి దుప్పటి కట్టి గది చీకటిగా ఉంది. ఉయ్యాల పక్కన చాప మీద మీ అమ్మ పడుకుని నిద్రపోతోంది. మిట్టమధ్యాహ్నం, నోరు తెరుచుకుని, కాళ్లు చాపుకుని. ముప్పై నాలుగేళ్లలో నేను నిలబడి ఉండగా ఆవిడ పడుకుని ఉండటం చూడలేదు. నా ఒళ్లు మండింది. అది నా తప్పా?

మీ తలుపు తాళం చేతికందింది. మొదటిది భుజానికి తగిలింది. లేచి ఉయ్యాలకి అడ్డంగా నిలబడింది, నేనేదో పిల్లని ముట్టుకుంటానన్నట్టు. ఆ చూపు నాకు పడలేదు. రెండోది చెవి మీద, మూడోది తల మీద. కట్టు ఉన్న చేత్తో కాచుకోబోయింది, ఆ కట్టు కూడా పగిలింది. పడిపోయాక కాలితో రెండు తన్నులు తన్నాను. అరవలేదు. ఒక్క ముక్క అరిచినా ఆగి ఉండేవాణ్ణి. పాప మాత్రం లేవలేదు. అల్లుడు చెప్పింది నిజమే.

రక్తం చాప కిందికి పాకింది. చెయ్యి ఎత్తి వదిలాను. తడిగుడ్డలా పడింది. మళ్లీ ఎత్తి వదిలాను. అలాగే పడింది. ఎంతమందికి చూశాను, అది ప్రాణమున్న చెయ్యి కాదు.

ఇప్పుడు నువ్వు చెయ్యాల్సింది ఒకటే. బాత్‌రూములో జారిపడిందని చెప్పు. పోయినసారీ అలాగే పడింది, కట్టు ఉంది, డాక్టరు చీటీ ఉంది, ఎవరైనా నమ్ముతారు. పోయినామె ఎలాగూ తిరిగిరాదు. నాన్నని కూడా పోగొట్టుకోకు. నా పాత స్నేహితుడు ఒకడు కలప డిపోలో కాపలా ఉంటున్నాడు, అతని గదిలో ఉన్నాను. అడ్రసు వెనక రాశాను. ఏమైందో రెండు ముక్కలు రాయి. ఇది చదివి చింపెయ్యి.

నాన్న

జూలై 30

అమ్మాయికి,

నువ్వు జవాబు రాయలేదు. నీ బదులు పోలీసులు వచ్చారు. అడ్రసు ఉన్న కాగితం ఇన్‌స్పెక్టరు చేతిలో చూశాను, అది నా దస్తూరీయే. కన్నబిడ్డ నా రాతతో నన్నే పట్టిచ్చింది. దాని గురించి ఇంకోసారి రాస్తాను.

ఇక్కడ రిమాండు జైల్లో అందరూ ఒకటే మాట చెబుతున్నారు, మీ ఆవిడ బతికే ఉంది, హత్యాయత్నం కేసు, ఆవిడే నోటితో వాంగ్మూలం ఇచ్చింది అని. నేను నమ్మలేదు. ఈ ఎత్తులు నేను పుట్టించినవి. చచ్చినవాణ్ణి బతికున్నాడని చెప్పి ముద్దాయి చేత ఒప్పించడం మాకు వెన్నతో పెట్టిన విద్య. నా చేత్తో నేను రెండుసార్లు ఎత్తి వదిలాను. ఆ పరీక్ష తప్పదు. గొళ్లెంగాడి దగ్గర తప్పలేదు, నీ దగ్గర తప్పలేదు. నువ్వు నిజం రాయి. మీ అమ్మ ఉందా, పోయిందా?

గొళ్లెంగాడు ఈ జైల్లోనే ఉన్నాడు. వాడి అదృష్టమో నా ఖర్మో. నేను ఎవరన్నది ఎవరికీ చెప్పొద్దని సూపరింటెండెంటుకి దణ్ణం పెట్టాను. అరగంటలో బ్యారక్‌కంతా తెలిసిపోయింది. వాడు ఏమీ అనడు. వంకర వేళ్లతో నాకు అన్నం వడ్డిస్తాడు. ఎనిమిదింటికి లెక్క అయిపోయాక వచ్చి పక్కన కూర్చుంటాడు. నేను కళ్లు మూసుకునే ఉంటాను. నా చెయ్యి ఎత్తి వదులుతాడు.

ఎంత ప్రయత్నించినా ఆగుతోంది అమ్మాయీ. గాల్లో రెప్పపాటు ఆగుతోంది. ఇరవై రెండు రోజులుగా, కాదు, పన్నెండు రోజులుగా, రోజుల లెక్క కూడా తప్పుతోంది, రోజూ దొరికిపోతున్నాను. కింది పన్ను ఒకటి ఊడింది. కుడి కన్ను తెరవలేకపోతున్నాను. నిద్ర లేదు. వార్డర్లు అటు తిరిగి నిలబడుతున్నారు. నేనూ అలాగే నిలబడేవాణ్ణి.

నిజం రాయి.

నాన్న

ఆగస్టు 8

నాన్నగారికి,

అమ్మ బతికే ఉంది. వాళ్లు మీతో అబద్ధం ఆడలేదు. తలకి పదకొండు కుట్లు పడ్డాయి. ఎడమ చెవి ఇక వినిపించదు. రెండు పక్కటెముకలు, మళ్లీ అదే మణికట్టు. నేను పాలపొడి డబ్బా కొనుక్కుని పాతిక నిమిషాల్లో వచ్చేసరికి రక్తంలో కూర్చుని ఉయ్యాల మీద చెయ్యి వేసి ఉంది. వాంగ్మూలం తనే ఇచ్చింది, ఆసుపత్రి మంచం మీద నుంచి, ఎవరూ అడగని సంగతులతో సహా. బాత్‌రూము ఊసు ఎత్తలేదు.

మీ పరీక్ష సంగతి ఇప్పుడు చెబుతాను. మీరు డ్యూటీలో ఉన్న మధ్యాహ్నాలు మా ముగ్గురికీ ఒక ఆట ఉండేది. అమ్మ మమ్మల్ని చాప మీద పడుకోబెట్టి ఒక్కొక్కరి చెయ్యి ఎత్తి వదిలేది. ఆగితే చక్కిలిగింతలు పెట్టేది. "ఈ చెయ్యి నీది కాదనుకో, పక్కింటివాళ్లది, మరిచిపోయి మన ఇంట్లో వదిలేసి వెళ్లారు, అది పడితే నీకేంటి?" అనేది. నాకు ఐదేళ్లకే వచ్చేసింది. ఎనిమిది కొట్టగానే మీ బూట్ల చప్పుడు వినేదాన్ని, చెయ్యి పక్కింటివాళ్లకి ఇచ్చేసేదాన్ని. మీరు ఎత్తి, వదిలి, తృప్తిగా వెళ్లి ఆ తర్వాత వంటింట్లో అమ్మని కొట్టే ప్రతి దెబ్బా నేను విన్నాను. ఒక్క రాత్రి కూడా ఎనిమిదికి నిద్రపోలేదు. పదిహేడేళ్లు వచ్చేదాకా మీ రికార్డులో ఉన్నదంతా దొంగ లెక్కే.

తమ్ముడికి ఎంత నేర్పినా రాలేదు. వాడికి భయం ఎక్కువ, మొండితనం కాదు. భయపడేవాడి చెయ్యి గాల్లో ఆగుతుంది. ఈపాటికి మీకు తెలిసే ఉంటుంది.

ఆ రోజు చాప మీద అమ్మ చేసింది అదే. చెయ్యి తనది కాదనుకుందట. మీరు రెండోసారి ఎత్తినప్పుడు మాత్రం కష్టమైందట, ఉయ్యాలలో బుడంకాయ కదిలినట్టు వినిపించి.

నేను మీకు దొంగ రిపోర్టులు పంపినందుకు సిగ్గుపడటం లేదు. నిజానికి జూన్ నెలాఖరుకే పాప నిద్ర కుదిరింది. కుదరంది అమ్మకి. అందుకే ఒక్కో రోజు కొంటూ వచ్చాను. పాపకి చేసిన వరసే అమ్మకీ చేశాను. అదే వేళ, అదే చాప, అదే నీలం దుప్పటి. మొదట కుర్చీ తలుపు వైపు నుంచి పక్కకి తిప్పాను. మర్నాడు కూర్చున్నదాన్ని ఒరగమన్నాను. జూలై తొమ్మిదిన మొదటిసారి పన్నెండు నిమిషాలు నిద్రపోయింది. మీరు వచ్చిన రోజు నాలుగోసారి. మీ ఒళ్లు మండించింది ఆ నిద్రే. అందులో నా పాపం ఒకటుంది. గొళ్లెం లోపల పెట్టుకోమని తనని లేపడం ఇష్టం లేక తలుపు ఊరికే దగ్గరగా వేసి వెళ్లాను. నిద్రపోయేవాళ్ల మీద అంత ప్రేమ చూపించి తలుపు తెరిచి వదిలేసినదాన్ని నేను. ఇది నన్ను వదలదు.

మీ ఉత్తరాలన్నీ కోర్టుకి ఇచ్చాను. రాసింది రికార్డు. మణికట్టు గురించీ, రూళ్ల కర్ర గురించీ, ఈడ్చుకెళ్లడం గురించీ, కలప డిపో గదిలో కూర్చుని రాసినదాని గురించీ మీ దస్తూరీలోనే ఉంది. ప్లీడరుగారు చదివి కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. ఆ అద్దాలు మా షాపువే.

మీ జూలై 30 ఉత్తరం అమ్మకి చదివి వినిపించకూడదనుకున్నాను. అడిగింది, కుడి చెవి వైపు కూర్చుని చదివాను. పన్ను దగ్గరా కన్ను దగ్గరా ఏమీ అనలేదు. చెయ్యి ఆగుతోందన్న చోట మళ్లీ చదవమంది. విన్నాక, "చెయ్యి తనది కాదనుకోమని రాయి" అంది. నేనైతే రాసేదాన్ని కాదు. మిమ్మల్ని చూడటానికి వస్తావా అని అడిగితే తల అడ్డంగా ఊపింది. కాబట్టి ఇది క్షమించడమని అనుకోకండి. తనకి వచ్చిన విద్య తను నేర్పింది, అంతే.

నాకు కోపం పోలేదు, పోదు. మీరు ఉయ్యాల పక్కన నిలబడిన చోటు రోజూ తుడుస్తాను, మరక ఎప్పుడో పోయింది, అయినా తుడుస్తాను. ఇక మీ ఉత్తరాలు విప్పను. ప్లీడరుగారికి అలాగే ఇచ్చేస్తాను.

షాపు వాళ్లు ఇంకో నెల గడువిచ్చారు. మీరడిగిన రిపోర్టు, ఇదే ఆఖరిది. బుడంకాయ రోజూ మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి రెండున్నర. అమ్మ పన్నెండూ నలభై నుంచి నాలుగు. గొళ్లెం లోపల పెట్టి ఉంది. ఇప్పుడు మూడు అవుతోంది, పాప లేచి నా ఒళ్లో ఆడుకుంటోంది, అమ్మ ఇంకా లేవలేదు. కట్టు లేని చెయ్యి చాప దాటి నేలమీద పడి ఉంది. నిజం నిద్రో కాదో నేను ఎత్తి చూడలేదు.

మీ అమ్మాయి